తాతను ‘కృపణుడు’ అని రాసిన పాప

ప్రశ్న: మేడమ్, మాది ఆదోని. నేను ఇంట్లో మిషన్ కుడతాను. మా ఆయన మార్కెట్ యార్డులో గుమాస్తా. పాప ఈ ఏడు పదో తరగతి. తెలుగులో పర్యాయపదాలంటే దానికి టెన్షన్. ముఖ్యంగా మనుషుల్ని చెప్పే మాటలు: లోభి, వాచాలుడు, వంచకుడు, కర్షకుడు, ఇలాంటివి. రాత్రి వల్లె వేస్తే తెల్లారేసరికి సగం మరిచిపోతుంది. మొన్న స్కూల్లో ‘నాకు నచ్చిన వ్యక్తి’ అని వ్యాసం రాయమంటే వాళ్ళ తాత మీద రాసింది. ‘మా తాత గొప్ప కృపణుడు, ఒక్క రూపాయి కూడా వృథా చేయడు’ అని. మెచ్చుకుంటున్నాననే అనుకుంది. సారు ఆ మాట చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి పంపారు. మా మామ దాని అర్థం ఎవరినో అడిగి తెలుసుకొని రెండు రోజులు ముభావంగా ఉన్నారు. పాప ఒకటే ఏడుపు. గైడులో అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి కదా, ఒకదాని బదులు ఇంకోటి రాస్తే తప్పెలా అయింది? నేను ఏడో తరగతి దాకానే చదివాను. నేనేం సాయం చేయగలను? దయచేసి పేరు వేయొద్దు.

జవాబు: అమ్మా, ముందు పాపను ఏడవొద్దని చెప్పండి. తప్పు తనది కాదు. ‘పిసినారి, లోభి, కృపణుడు, పీనాసి’ అని ఒక్క వరుసలో అచ్చు వేసి ఊరుకుంటే పదిహేనేళ్ళ పిల్ల ఏం చేస్తుంది? వాటిలో ఏది వినడానికి గంభీరంగా ఉందో చూసుకొని అదే రాస్తుంది. సంస్కృతం మాట కాబట్టి మర్యాదగా ఉంటుందనుకుంటుంది. నేను పాఠాలు చెప్పినన్నాళ్ళూ పిల్లల్లో ఈ నమ్మకం చూశాను. కానీ తిట్టు ఏ భాష నుంచి వచ్చినా తిట్టే. కృపణుడిలో పిసినారితనంతో పాటు ‘దీనుడు, జాలిపడదగినవాడు’ అన్న అర్థం కూడా ఉంది. కార్పణ్యం అనే మాట అందులోంచి వచ్చిందే. మీ మామగారికి మనసు నొచ్చిందంటే నొచ్చదా మరి.

పాపకు కావలసిన మాట పొదుపరి. గైడులో ఆ వరుసలో అది ఉండదు, ఎందుకంటే అది పిసినారికి పర్యాయపదం కాదు. బయటి నుంచి చూసేవాళ్ళకు మాత్రం పొదుపరి, పిసినారి ఒకేలా కనిపిస్తారు. ఇద్దరూ గదిలో ఎవరూ లేకపోతే ఫ్యాను ఆపేస్తారు. ఇద్దరూ పాత చెప్పులు కుట్టించుకొని తొడుక్కుంటారు. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, ఖర్చు పెట్టక తప్పని చోట. మనవరాలి ఫీజుకు, భార్య మందులకు, ఇంటికొచ్చిన చుట్టానికి అన్నం పెట్టడానికి పొదుపరి వెనకాడడు. అసలు అందుకోసమే దాస్తాడు. పిసినారి అక్కడ కూడా చేయి ముడుచుకుంటాడు. మీ మామగారు వీళ్ళలో ఎవరో పాపనే చెప్పమనండి. తనే ఉదాహరణలు చెబుతుంది, ఆ ఉదాహరణలతో పాటు మాట కూడా గుర్తుండిపోతుంది.

ఈ ఒక్క కుటుంబాన్నే ఇంకాస్త చూద్దాం, ఎందుకంటే మిగతావన్నీ ఇలాగే నేర్పవచ్చు. పిసినారి, పీనాసి, పిసినిగొట్టు మనం రోజూ వాడే మాటలు. చనువున్న చోట ముఖం మీదే అనేస్తాం, నవ్వుతూ కూడా అనొచ్చు. లోభి అలా కాదు. లోభం కామక్రోధాల వరుసలో చెప్పే ఆరు శత్రువుల్లో ఒకటి. లోభి దాచుకోవడంతో ఆగడు, ఇంకా ఇంకా కావాలంటాడు. ఆ మాటలో పాపపుణ్యాల వాసన ఉంది. అందుకే వేమన పద్యాల్లో లోభి అంతగా కనిపిస్తాడు. లోభిని చంపడానికి మందూ మాకూ అక్కర్లేదు, డబ్బు అడిగితే చాలని వేమన అన్న పద్యం మీరూ వినే ఉంటారు. ఇక అమరకోశంలో, అంటే సంస్కృత పర్యాయపదాల పాత నిఘంటువులో, ఈ మనిషికి కదర్యుడు, కృపణుడు, క్షుద్రుడు, కింపచానుడు, మితంపచుడు అని ఐదు పేర్లున్నాయి. మితంపచుడంటే కొలత పెట్టి వండుకునేవాడు. ఒక్క గింజ ఎక్కువ పడకుండా, అనుకోకుండా ఎవరైనా వస్తే పెట్టడానికి లేకుండా, సరిగ్గా కొలిచి ఎసట్లో పోసే మనిషి. కదర్యుడు తన కడుపు మాడ్చుకొని, పెళ్ళాం బిడ్డల కడుపు కూడా మాడ్చి డబ్బు పోగేసేవాడు. పదో తరగతికి ఇవేవీ అక్కర్లేదు. అయినా మితంపచుడి సంగతి పాపకు ఒక్కసారి చెప్పి చూడండి. వంటింట్లో బియ్యం కొలిచే మనిషి కళ్ళ ముందు కనిపిస్తాడు కాబట్టి ఆ మాటను మరిచిపోవడమే కష్టం.

మీరు అడిగినదానికి జవాబు ఇందులోనే ఉంది. చెట్టుకు, సూర్యుడికి, నీళ్ళకు పర్యాయపదాలు నేర్చుకోవడం వేరు. తరువు అన్నా వృక్షం అన్నా చెట్టు ఏమీ అనుకోదు. మనిషిని చెప్పే ప్రతి మాటలో మాత్రం చెప్పేవాళ్ళ అభిప్రాయం కూడా కలిసి ఉంటుంది. మెచ్చుకోలో, వెటకారమో, కోపమో, ముద్దో ఏదో ఒకటి ఉంటుంది. కాబట్టి పాప ఒక కొత్త మాట నేర్చుకున్నప్పుడల్లా అర్థంతో ఆపకుండా, ఎవరు ఎవరిని అంటారు, ఎదురుగా అంటారా చాటున అంటారా, ఆ మనిషి ఏ పని చేస్తే అంటారు అని అడగండి. ఇవి అడగడానికి మీ ఏడో తరగతి చదువు ధారాళంగా సరిపోతుంది. ఇన్నేళ్ళు మనుషుల మధ్య బతికిన అనుభవం పదో తరగతి పిల్లకు లేదు, మీకుంది.

ఎక్కువ మాట్లాడేవాళ్ళను తీసుకోండి. వక్త అంటే సభలో మాట్లాడేవాడు, అంతే. మంచీ చెడూ లేవు. వాగ్మి అంటే బాగా మాట్లాడేవాడు, ఇది మెచ్చుకోలు. మాటకారి అన్నది మెచ్చుకోలే అయినా, కొంచెం జాగ్రత్తగా ఉండమన్న హెచ్చరిక కూడా వినిపిస్తుంది. వాచాలుడు అంటే పనికిమాలిన మాటలు అతిగా మాట్లాడేవాడు. వదరుబోతు అదే మనిషి, ఇంకాస్త విసుగుతో చెప్పిన మాట. వాగుడుకాయను మాత్రం కోపంగానూ అనొచ్చు, ముద్దుగానూ అనొచ్చు. ఇక వసపిట్ట పూర్తిగా ముద్దు మాట. పిల్లలకు మాటలు త్వరగా రావాలని వస అరగదీసి నాలుకకు రాయడం మన ఇళ్ళలో ఉన్నదే. గలగలా మాట్లాడే చిన్నపిల్లను చూసి వసపిట్ట అంటాం. ఊరి పెద్దను పట్టుకొని ఆ మాట అనలేం. మీ వీధిలోనే ఈ మాటలన్నిటికీ తగిన మనుషులు దొరుకుతారు. పేర్లు పుస్తకంలో రాయొద్దని మాత్రం పాపకు గట్టిగా చెప్పండి, మళ్ళీ ఇంకో గొడవ అవుతుంది!

మీ ఆయన పనిచేసే చోటు ఈ చదువుకు ఇంకా మంచిది. ఆదోని పత్తి మార్కెట్ పేరు రాయలసీమలో తెలియనివాళ్ళుండరు. అక్కడ రైతుకూ కొనేవాళ్ళకూ మధ్య నిలబడే మనిషి ఒకడే. బోర్డు మీద కమీషన్ ఏజెంటు అని ఉంటుంది. ధర తగ్గించాడని ఒళ్ళు మండిన రైతు దళారి అంటాడు. అదే మనిషి రేపు ఇద్దరి మధ్య తగాదా తీర్చడానికి కూర్చుంటే మధ్యవర్తి అంటారు, పెద్దమనిషి అని కూడా అంటారు. మనిషి మారలేదు, చేసే పనీ పెద్దగా మారలేదు. అనేవాళ్ళు మారారు, వాళ్ళ కడుపులో ఉన్నది మారింది. సాయంత్రం భోజనాల దగ్గర మీ ఆయన్ని అడిగి ఈ మాటలు ఎప్పుడెప్పుడు విన్నారో చెప్పించండి. ఒక్క రాత్రిలో పాపకు తెలిసేది గైడులో పది పేజీలు చదివినా తెలియదు. హమాలీ, గుమాస్తా, దళారి, ఇవన్నీ అరబ్బీ, పారశీక మాటలు తెలుగులోకి వచ్చి స్థిరపడినవే. మేస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చింది. బయట నుంచి వచ్చాయని వాటిని తక్కువగా చూడాల్సిన పనిలేదు.

మన సీమ మాటల గురించి కూడా ఒక విషయం చెప్పాలి. సోమరికి పర్యాయపదాలు అడిగితే పాప బద్ధకస్తుడు, అలసుడు అని రాస్తుంది. ఇంట్లో మీరు దాన్ని తిట్టేది మాత్రం సోంబేరి అనే కదా! గోడ కట్టేవాణ్ణి కోస్తాలో తాపీమేస్త్రీ అంటే మనం బేల్దారి అంటాం. ఉపాధ్యాయుడు, అధ్యాపకుడు పుస్తకంలో ఉంటారు, ఊళ్ళో ఉండేది అయివారు. స్నేహితుడు, మిత్రుడు, చెలికాడు సరే, మన జతగాడు ఎక్కడ పోయాడు? మీ ఊరు 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది, ఇప్పటికీ బజారులో కన్నడం, ఉర్దూ వినిపిస్తూనే ఉంటాయి. కాబట్టి పాపకు ఇంకా ఎక్కువ మాటలు తెలిసి ఉంటాయి. వీటిని పరీక్షలో రాయమని నేను చెప్పను, దిద్దేవాళ్ళు ఏ జిల్లావాళ్ళో తెలియదు. నోట్‌బుక్కులో మాత్రం ప్రతి కుటుంబానికీ మొదటి మాటగా ఇంటి మాటే రాయించండి. తెలిసిన మాట పక్కన తెలియని మాట కూర్చుంటే రెండోది కూడా నిలుస్తుంది. అలసుడు అని ఒంటరిగా వల్లె వేస్తే తెల్లారేసరికి పోతుంది. సోంబేరి పక్కన రాసుకుంటే అంత త్వరగా పోదు.

అన్ని కుటుంబాల్లోనూ మెచ్చుకోలు, తిట్టు ఉంటాయని కాదు. రైతునే చూడండి. కర్షకుడు, హాలికుడు, కృషీవలుడు, వీటిలో ఎక్కువ తక్కువలు లేవు. ఇక్కడ మాట పుట్టుక పట్టుకోవాలి. హలం పట్టేవాడు హాలికుడు. దున్నేవాడు కర్షకుడు. కృషి, అంటే సేద్యం, అదే జీవనంగా ఉన్నవాడు కృషీవలుడు. పదో తరగతి పరీక్షలో వ్యుత్పత్త్యర్థాలు కూడా అడుగుతారు కాబట్టి ఒకే చదువుకు రెండు లాభాలు. రైతు అన్న మాటకు మొదటి అర్థం ఒక ప్రభువు పాలనలో ఉండే ప్రజ అని. 1800లో దత్తమండలాలు, అంటే నిజాం ఇచ్చేసిన మన సీమ ప్రాంతాలు, కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) చేతికి పోయినప్పుడు థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి, మధ్యలో జమీందారు లేకుండా నేరుగా సాగు చేసేవాడి దగ్గరే శిస్తు కట్టించుకునే పద్ధతి పెట్టాడు. అదే రైత్వారీ. మీ ఆదోని కూడా ఆ దత్తమండలాల్లోదే. సేద్యగాడు మాత్రం వేరు. మన పల్లెల్లో ఏడాది జీతానికి ఇంకొకరి పొలంలో పనిచేసే మనిషిని అలా అంటారు. సొంత భూమి ఉన్న ఆసామిని సేద్యగాడు అని రాస్తే ఇంకో తాత అలుగుతాడు.

మాటల చివర్లు గమనించమని కూడా చెప్పండి. తిండిపోతు, నిద్రపోతు, తాగుబోతు, వదరుబోతు, పొగరుబోతు: చివర పోతు, బోతు వచ్చిందంటే అది మెచ్చుకోలు కాదు. జిత్తులమారి, టక్కులమారి, దగాకోరు, లంచగొండి, కోతలరాయుడు కూడా అంతే. ధైర్యశాలి, ప్రతిభాశాలి, గుణవంతుడు లాంటివి మంచివైపు. గాడు అటూ ఇటూ కూడా ఉంటుంది, మోసగాడూ ఉన్నాడు, అందగాడూ ఉన్నాడు. పరుడు కూడా అలాంటిదే: స్వార్థపరుడు, దయాపరుడు. పరీక్ష హాల్లో తెలియని మాట ఎదురైనప్పుడు ఈ చివర్లు సగం దారి చూపిస్తాయి. స్త్రీలింగం విషయంలోనూ ఇది ఉపయోగం. పిసినారి, సోమరి, లోభి, తిండిపోతు, వాగుడుకాయ ఆడా మగా ఇద్దరికీ ఒకటే. కృపణుడు కృపణురాలవుతుంది, అందగాడు అందగత్తె అవుతుంది. పాప తన స్నేహితురాలి గురించి రాస్తూ ‘ఆమె గొప్ప ధైర్యశాలి’ అంటే ఏమీ మార్చక్కర్లేదు.

వెతుక్కోవడానికి ఒక్క గైడు మీద ఆధారపడకండి. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే తెలుగు మీద ప్రేమ పెంచుకొని, వేమన పద్యాలు సేకరించి 1829లో అచ్చు వేయించిన సి.పి. బ్రౌన్ పేరు పాప వినే ఉంటుంది. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. పండితుల మాటలతో పాటు జనం నోట్లో మాటలూ అందులో ఉన్నాయి, వాటిని వాక్యంలో ఎలా వాడతారో చాలా చోట్ల చూపించాడు. కడపలో ఆయన ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరు మీద భాషా పరిశోధన కేంద్రం, గ్రంథాలయం నడుస్తున్నాయి. అంత దూరం రానక్కర్లేదు. ఆంధ్రభారతి వెబ్‌సైటులో బ్రౌన్ నిఘంటువుతో పాటు చాలా నిఘంటువులు ఒకేసారి వెతకొచ్చు, ఫోనులోనే. ఒక మాట కొట్టి, వచ్చిన అర్థాలన్నీ పాపతో పైకి చదివించుకోండి. కృపణుడిని అలా ఒక్కసారి చూసి ఉంటే ఆ వ్యాసంలో ఆ మాట వచ్చేది కాదు.

ఒక విషయం నన్ను ఎప్పుడూ బాధ పెడుతుంది, ఆడపిల్ల తల్లి కాబట్టి మీకు చెబుతున్నాను. గయ్యాళి అనే మాటకు మగవాళ్ళలో జత వెతకమని పాపను అడిగి చూడండి. దొరకదు. అదే నోరు, అదే కోపం మగవాడికి ఉంటే కోపిష్ఠి అంటారు, లేదా ‘మనిషి గట్టివాడు’ అని మెచ్చుకుంటారు కూడా. అలాగే ఒంట్లో లోపాన్ని చూపి మనిషిని పిలిచే మాటలు, కులవృత్తుల పేర్లను తిట్లుగా వాడే మాటలు ఇప్పటికీ కొన్ని పాత జాబితాల్లో తిరుగుతున్నాయి. వాటి అర్థం పాపకు తెలియాలి, లేకపోతే పాత పుస్తకాలు చదివితే బోధపడదు. కానీ తన రాతలో అవి ఉండకూడదు. అంధుడు, బధిరుడు, దివ్యాంగుడు అన్న మాటలు ఉండగా ఆ పాతవి రాయాల్సిన అవసరం ఏముంది? ఇది మార్కుల విషయం కాదు. తెలియక తాతను నొప్పించిన పిల్ల ఈ మాట తేలిగ్గా అర్థం చేసుకుంటుంది.

ఇక రోజూ చేయాల్సింది. నోట్‌బుక్కులో ఒక పేజీకి ఒక రకం మనిషి. పైన ఇంటి మాట, కింద మిగతావి, ఒక్కోదాని ఎదురుగా పాప సొంతంగా రాసిన ఒక వాక్యం. గైడు వాక్యం పనికిరాదు. వాక్యం రాశాక అందులో మాట తీసి ఇంకోటి పెట్టి పైకి చదవమనండి. ‘మా అవ్వ పొదుపరి కాబట్టే మా నాన్న చదువుకున్నాడు’ అన్న చోట ‘మా అవ్వ లోభి కాబట్టే’ అని చదివితే తప్పు చెవికే తెలిసిపోతుంది. మీరు మిషన్ మీద కూర్చొని వింటే చాలు, ఎక్కడ ఎబ్బెట్టుగా ఉందో మీకే పట్టుబడుతుంది. వారానికి మూడు కుటుంబాలు మించొద్దు. పిసినారి, మాటకారి, సోమరి, మోసగాడు, పొగరుబోతు, పిరికివాడు, ధైర్యశాలి, దాత, స్నేహితుడు, శత్రువు, గురువు, రైతు, పండితుడు: ఇంతవరకు గట్టిగా వస్తే ఈ రకం ప్రశ్నలకు భయం ఉండదు.

పరీక్షలో పర్యాయపదాలు రాయమన్న చోట పాఠం వెనుక ఇచ్చినవే రాయాలి, అక్కడ తెలివి చూపించొద్దు. వ్యాసంలో, లేఖలో మాత్రం ఏ మాట వాడాలో ఎంచుకోవడం తన చేతిలో ఉంటుంది. పబ్లిక్ పరీక్షలు మార్చిలో కాబట్టి సంక్రాంతి సెలవుల దాకా ఈ పేజీలు నింపి, ఆ తర్వాత కొత్త మాటలు ఆపేయండి. అప్పటి నుంచి పాఠ్యపుస్తకంలో ఉన్నవి, తన నోట్‌బుక్కులో ఉన్నవి తిప్పి తిప్పి చదివితే సరిపోతుంది. ఎర్ర సున్నా పడిన ఆ వ్యాసాన్ని సారు దగ్గరకు తీసుకెళ్ళి, మళ్ళీ రాసి చూపిస్తానని అడగమనండి. చాలామంది మాస్టర్లు సంతోషంగా చూస్తారు.